ఏడు మాత్రల తబ్బిబ్బు: ఒక ప్రేమ పాట కేస్ స్టడీ

ఈ పాటకి సంబంధించి నా హార్డ్ డిస్క్‌లో 19 ప్రాజెక్ట్ ఫైళ్ళు ఉన్నాయి. మొదటి పదకొండూ ఒక పాట, చివరి ఎనిమిదీ ఇంకో పాట. పాడిన మనిషి ఒకరే, విషయం ఒకటే. ఆ పదకొండో ఫైలుకీ పన్నెండో ఫైలుకీ మధ్య జరిగిందేమిటో రాసి పెట్టాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నాను. కీబోర్డు ప్రోగ్రామింగ్, అరేంజ్‌మెంట్ చేసుకునే నాలాంటివాళ్ళకి, సొంతంగా పాటలు చేసుకుంటున్న కుర్రాళ్ళకి ఇందులో పనికొచ్చే సంగతి ఉంది.

పాట తీసుకుని వచ్చిన అమ్మాయిది కాకినాడ. హైదరాబాద్‌లో ఉద్యోగం, హాస్టల్లో ఉంటుంది. సినిమా పాట కాదు, తన సొంత పాట. కృష్ణానగర్‌లో నా చిన్న గదికి ఒక శనివారం సాయంత్రం వచ్చి, ఫోన్‌లో తను హమ్ చేసుకున్న ట్యూన్ వినిపించింది. ఏం కావాలమ్మా అని అడిగితే ఇలా అంది: "అన్నయ్యా, ప్రేమ మీద పాటలు బోలెడున్నాయి. విరహం ఉంది, పెళ్ళి ఉంది, విడిపోవడం ఉంది. నాకు మొదటి వారం కావాలి. ఇంకా ఏమీ ఖాయం కాలేదు, అయినా ఒళ్ళంతా తబ్బిబ్బుగా ఉంటుంది చూడండి, ఆ ఒక్క వారం."

ఇంత స్పష్టంగా అడిగినవాళ్ళు నా అనుభవంలో తక్కువ. అయినా నేను ఆ మాట సరిగ్గా వినలేదు.

మొదటి పాట ఎందుకు కుదరలేదు

సంతోషం అంటే స్పీడు అని మొదలుపెట్టాను. టెంపో 132, అంటే నిమిషానికి 132 బీట్లు, మామూలు నాలుగు బీట్ల లెక్క. చప్పట్లు, యుకులేలే, ఈల. ముందు 24 సెకన్ల ఫ్లూట్. ఆమె ట్యూన్‌లో మోహన రాగం వాసన ఉంది కాబట్టి దాన్ని ఇంకాస్త మోహనలోకి లాగాను. సాహిత్యం కూడా ఆ దారిలోనే నడిచింది: వెన్నెల, మేఘం, జన్మజన్మల బంధం. రెండు వారాలు కష్టపడ్డాం. విన్నవాళ్ళందరూ బాగుంది అన్నారు. మా తమ్ముడు మాత్రం "పెళ్ళి వీడియోకి భలే సరిపోతుంది అన్నా" అన్నాడు. వాడు మెచ్చుకుంటూనే అన్నాడు. ఆ అమ్మాయి మొహం చూశాను. తను అడిగింది అది కాదు.

టెన్షన్ మొదలైంది. 132ని 136 చేశాను, 140 చేశాను. షేకర్ పెట్టాను. స్పీడు పెరిగేకొద్దీ పాట హడావుడిగా తయారైంది కానీ తబ్బిబ్బు దగ్గరికి ఒక్క అడుగు కూడా జరగలేదు. పదకొండో ఫైలు దగ్గర ఆపేసి, ఒక రాత్రి కూర్చుని ట్యూన్‌ని మాత్రమే, వాద్యాలన్నీ తీసేసి, స్వరాలుగా రాసుకున్నాను. అప్పుడు కనిపించింది. పల్లవిలో నాలుగు లైన్లు. నాలుగింటిలో మూడు షడ్జమం మీద, అంటే పాటకి ఇల్లు లాంటి 'స' మీద ఆగుతున్నాయి. ఒకటి పంచమం మీద. అంటే దాదాపు ప్రతి మూడున్నర సెకన్లకీ పాట ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చుంటోంది. ఇంటికి చేరిన మనిషికి తృప్తి ఉంటుంది, సంతోషం ఉంటుంది. తబ్బిబ్బు ఉండదు.

తబ్బిబ్బు అనే మాటని ఒకసారి నోటితో పలికి చూడండి. తబ్-బిబ్-బు. అంత చిన్న మాటలో పెదాలు రెండుసార్లు గట్టిగా మూసుకుంటాయి. ఊపిరి రెండుసార్లు ఆగి, రెండుసార్లు తన్నుకుని బయటికొస్తుంది. మాట రాబోయి ఆగిపోవడం, అడుగు వేయబోయి తడబడటం, ఆ పదంలోనే ఉన్నాయి. వేగం ఎక్కడా లేదు. కాలు కింద పెడదామంటే అక్కడ నేల లేదు అన్న భావన ఉంది. మెట్లు దిగుతున్నప్పుడు ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తాం, ఉండదు. ఆ అర సెకను కడుపులో ఏమవుతుందో అది. పాటలో మేం చేయాల్సింది ఆ అర సెకను. దాని కోసం నేల తీసేయాలి, కానీ వినేవాడు పడిపోకూడదు. ఆ తర్వాత చేసిన పనంతా ఈ ఒక్క ఆలోచన నుంచే వచ్చింది.

మాట మారితే తాళం మారింది

మర్నాడు ఆమెకి ఫోన్ చేసి, "వెన్నెల వద్దమ్మా. ఆ వారంలో నిజంగా ఏం జరిగిందో మీ రూమ్మేట్‌కి చెబుతున్నట్టు రాసి పంపు" అన్నాను. కొంచెం నొచ్చుకుంది. వాడుక మాటల్లో రాస్తే పాట చవకగా ఉంటుందేమో అంది. నండూరి సుబ్బారావు ఎంకి పాటలు గుర్తుచేశాను. ఎంకీ నాయుడు బావా మాట్లాడుకున్నది పల్లె మాటే. అందువల్ల అవి చవకైపోలేదు, వందేళ్ళుగా జనం గుండెల్లో పెట్టుకున్నారు.

రాత్రి పదకొండింటికి ఒక జాబితా వచ్చింది. హాస్టల్ మెట్ల మీద జారబోయాను. గదికి తాళం వేయకుండా ఆఫీసుకి వెళ్ళిపోయాను. వెనక ఎవరో ఎవరినో పిలిస్తే తనే అనుకుని తిరిగి చూశాను. 'తిన్నావా' అని మెసేజ్ పెడితే రాత్రంతా నవ్వుతూ కూర్చున్నాను. ఇవే. ప్రతి ఒక్కటీ కాలు తప్పడమే, ధ్యాస తప్పడమే. ఇద్దరం కూర్చుని పల్లవిగా కట్టాం:

మెట్లు దిగుతూ లెక్క తప్పా
తలుపు తాళం మరిచి వచ్చా
ఎవరు పిలిచిన నువ్వె అనుకుని
తిరిగి చూశా...

నా నాలుగు బీట్ల క్లిక్ (లెక్క కోసం పెట్టుకునే టిక్ టిక్ చప్పుడు) మీద ఆమె దీన్ని పాడబోతే ప్రతి లైనుకీ చివర ఖాళీ మిగిలింది. పూడ్చడానికి 'తప్పాఆ', 'వచ్చాఆ' అని సాగదీసింది. సాగదీయగానే మెట్టు మీద తడబాటు పోయి, కుర్చీలో ఊగుతున్నట్టు అయిపోయింది. ఆ రోజు గదిలో డోలక్ వాయించే పెద్దాయన ఉన్నారు, ఇంకో పని మీద వచ్చారు. ఆయన ఊరికే వింటూ మోకాలి మీద వేళ్ళతో కొట్టుకుంటున్నారు. "బాబూ, నీ క్లిక్ ఆపు. ఆ పిల్ల మాటలు ఎనిమిదిలో లేవు, ఏడులో ఉన్నాయి" అన్నారు. మెల్లగా చెప్పారు: తకిట తకధిమి, తకిట తకధిమి. మెట్లు దిగుతూ, లెక్క తప్పా.

కూర్చుని లెక్కపెట్టాను. మాత్ర అంటే అక్షరం పలకడానికి పట్టే కాలానికి కొలత. పొట్టి అక్షరానికి ఒక మాత్ర. దీర్ఘానికి గానీ, సున్న ఉన్న అక్షరానికి గానీ, ఒత్తు ముందున్న అక్షరానికి గానీ రెండు. 'మెట్లు' మూడు, 'దిగుతూ' నాలుగు, 'లెక్క' మూడు, 'తప్పా' నాలుగు. రెండో లైను: తలుపు మూడు, తాళం నాలుగు, మరిచి మూడు, వచ్చా నాలుగు. మూడోది కూడా అంతే. నాలుగోది సగంలో ఆగిపోయింది: తిరిగి మూడు, చూశా నాలుగు, ఆ తర్వాత ఏమీ లేదు. మేం ఛందస్సు అనుకుని రాయలేదు. వాడుక తెలుగు వాక్యం తనంతట తాను అలా పడింది.

చదువుకున్నవాళ్ళకి ఇది వెంటనే తడుతుంది. గురజాడ అప్పారావు చేతిలో తెలుగువాళ్ళందరికీ దగ్గరైన ముత్యాల సరం అనే ఛందస్సు నడక ఇదే. మూడు-నాలుగు, మూడు-నాలుగుగా మూడు పాదాలు, నాలుగో పాదం కురచ కావచ్చు. ఇంకా వెనక్కి వెళ్తే 17వ శతాబ్దంలో మువ్వ గోపాలుడి మీద క్షేత్రయ్య కట్టిన పదాల్లో చాలావాటికి త్రిపుట తాళం. అదీ ఏడే. ప్రేమని ఏడులో చెప్పడం మనకి కొత్త కాదు. క్షేత్రయ్య పదాల్ని బాగా నిదానంగా పాడతారు, అందులో ఎదురుచూపు ఉంటుంది. అదే ఏడుని వేగం పెంచి పాడితే తుళ్ళింత వస్తుంది. ఎందుకంటే మన ఒంటికి అలవాటైన జోడీ అడుగుల నడక ఎనిమిదిలో ఉంటుంది. ఏడు అంటే చివరి అడుగు పడాల్సిన చోట ఒక మాత్ర తక్కువ. లేని మెట్టు అంటే అదే.

టెంపో 112కి దించాను. ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. బీటుకి రెండు మాత్రలు. మొదటి పాటలో 132 మీద ఒక లైనుకి 16 మాత్రలు, అంటే సుమారు 3.64 సెకన్లు. కొత్త పాటలో 112 మీద 14 మాత్రలు, 3.75 సెకన్లు. నిడివి దాదాపు ఒక్కటే. అయినా రెండూ పక్కపక్కన వినిపిస్తే రెండోదే ఎగిరిపోతున్నట్టు ఉందని అందరూ అన్నారు.

నేల తీసేయడం, మనిషిని పడనివ్వకపోవడం

ఇక్కడే పెద్ద అనుమానం వచ్చింది. ఆమె స్నేహితురాలు డాన్స్ నేర్పుతుంది. ఏడులో అయితే పిల్లలు స్టెప్పులు వేయలేరు, రీల్స్‌కి పనికిరాదు అని గట్టిగానే చెప్పింది. అది తీసిపారేసే మాట కాదు. జనం కాళ్ళాడించలేని పాటలో పరవశం ఏముంటుంది?

మూడు రోజులు రకరకాల రిథమ్‌లు వేశాను. తకిట మొదట్లో ఒక కిక్ (డ్రమ్ములో కింది బరువైన దెబ్బ), తకధిమి మొదట్లో ఒక కిక్ వేస్తే భజన వరస వచ్చింది. అందంగానే ఉంది కానీ మా పాట కాదు. చివరికి ఒక పిచ్చి పని చేశాను. మాటల ఏడుని పట్టించుకోకుండా, అడుగులు వేస్తున్నట్టు రెండు మాత్రలకి ఒక కిక్ చొప్పున సమంగా పెట్టుకుంటూ పోయాను. విని కుర్చీలోంచి లేచాను.

సంగతి ఇది. ఒక లైను 14 మాత్రలు. రెండు మాత్రలకి ఒక కిక్ అంటే లైనుకి సరిగ్గా ఏడు కిక్కులు. కిక్కులు 1, 3, 5, 7, 9, 11, 13 మాత్రల మీద పడతాయి. ఇప్పుడు మాటలు చూడండి. 'మెట్లు' ఒకటో మాత్ర మీద మొదలవుతుంది, కిక్ మీద. 'దిగుతూ' నాలుగో మాత్ర, కిక్కుల సందులో. 'లెక్క' ఎనిమిదో మాత్ర, మళ్ళీ సందులో. 'తప్పా' పదకొండు, తిరిగి కిక్ మీదకి వచ్చి పడుతుంది. అంటే లెక్క అనే మాట నిజంగానే లెక్క తప్పుతోంది, తప్పా అన్నాక అడుగు దొరుకుతోంది. తర్వాతి లైను మళ్ళీ కిక్ మీదే సరిగ్గా మొదలవుతుంది, ఎందుకంటే 14 సరిసంఖ్య.

కాలు మాత్రం మామూలుగా నడుస్తూనే ఉంటుంది. తల తిరుగుతుంది. డాన్స్ నేర్పే అమ్మాయికి వినిపిస్తే ఒక నిమిషం కాళ్ళతో తాళం వేసి, "కింద మామూలుగానే ఉంది, పైన ఏదో అవుతోంది" అంది. నాకు కావలసిన మాట అదే. అయితే ఒక జాగ్రత్త. ఆరో ఫైలు నుంచి నేను రెండు, నాలుగు బీట్ల మీద చప్పట్లు వేసే అలవాటు పెట్టుకున్నాను. ఏడు కిక్కుల లైనులో అలా వేస్తే ఒక లైనులో సరి కిక్కుల మీద పడిన చప్పట్లు తర్వాతి లైనులో బేసి కిక్కుల మీదకి తిరిగిపోతాయి. తబ్బిబ్బు మీద తబ్బిబ్బు అయ్యి వినేవాళ్ళు తప్పిపోయారు. చప్పట్లు తీసేసి, లైను చివర 'తప్పా', 'వచ్చా' అన్న చోట ఒక్క చప్పట్ ఉంచాను.

చరణంలో మాత్రం నాలుగు నాలుగుగా వెళ్ళాం, ఎందుకంటే చరణంలో ఆమె కథ చెబుతోంది:

తిన్నావా అని ఒక్కటె మాటకి
రాత్రంతా నే నవ్వుతు ఉన్నా

ఇవి లైనుకి 16 మాత్రలు. కింద కిక్ అదే నడక కాబట్టి పల్లవి నుంచి చరణంలోకి దాటినట్టే తెలియదు. కాసేపు నేల మీద నడిపించి మళ్ళీ పల్లవిలో మెట్టు తీసేస్తాం. మొత్తం ఏడులోనే ఉంచితే రెండో నిమిషానికి చెవి దానికి అలవాటు పడిపోతుంది, తుళ్ళింత ఉండదు.

షడ్జమాన్ని దాచడం

ఆమె శ్రుతి ఐదు, అంటే 'స' కీబోర్డు మీద జి. కొత్త పల్లవిలో మొదటి లైను రిషభం (రి) మీద ఆపాం, రెండోది ధైవతం (ధ) మీద, మూడోది మోహనలో లేని నిషాదాన్ని (ని) అరువు తెచ్చి దాని మీద. నాలుగోది, ఆ కురచ లైను, పై రిషభం మీద గాల్లో వదిలేశాం. కింద కార్డులు (కలిపి మోగించే స్వరాల గుత్తులు) కూడా సి, డి, ఇ మైనర్ మాత్రమే. ఇంటి కార్డు జి పల్లవిలో ఎక్కడా లేదు. వినేవాళ్ళకి ఇల్లు ఎక్కడుందో తెలుస్తూనే ఉంటుంది, కానీ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వస్తుంటాం.

మొదట నేను అత్యుత్సాహంతో పాట మొత్తంలో షడ్జమం మీద ఆగకుండా చేశాను. అది తప్పయింది. విన్న ఇద్దరు ముగ్గురు పాట అయిపోయిందా, నెట్ ఆగిపోయిందా అని అడిగారు. ఎక్కడో ఒకచోట దిగాలి. ఎక్కడ అన్నది సంగీతం చెప్పలేదు, ఆమె చెప్పింది. రెండో చరణం చివరి లైను కోసం వారం రోజులు తిప్పలు పడ్డాం. ఒకరోజు వచ్చి కాగితం మీద ఇది రాసి ఇచ్చింది:

అమ్మకి నీ పేరే చెప్పేశా

నాలుగు నాలుగు మాత్రల చొప్పున నాలుగు ముక్కలు. అంతే. 'చెప్పేశా' అన్న చోట షడ్జమం, కింద మొదటిసారి జి కార్డు, బేస్ నిండుగా. మొదటి వారం ఎప్పుడు ముగుస్తుంది అంటే అమ్మకి చెప్పేసినప్పుడు. ఆ పిల్లకి ఆ క్షణంలో కాళ్ళ కింద నేల తగులుతుంది. రెండు నిమిషాలకు పైగా దాచిపెట్టిన స్వరం కాబట్టి అది పలికినప్పుడు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. నాకు ఇప్పటికీ తిరుగుతాయి.

దాని తర్వాత పల్లవి ఒక్కసారి వస్తుంది, అదే తడబాటుతో. అమ్మకి చెప్పినంత మాత్రాన తబ్బిబ్బు తగ్గిపోదు కదా.

గొంతు

పాట ఎక్కువ రోజులు నలిగింది ఇక్కడే.

తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి పాడేవాళ్ళకి దాదాపు ఎక్కడైనా సాగదీసే వీలుంటుంది. లలిత సంగీతం నేర్చుకున్న గొంతులకి ఇంకా ఎక్కువ అలవాటు. ఈ అమ్మాయి పదేళ్ళు నేర్చుకుంది. 'లెక్క' అనే మాటని 'లే..క్క' అని, ఏకారాన్ని నిమురుతూ పాడింది. శ్రుతి తప్పలేదు, అందం తప్పలేదు, మెట్టు కూడా తప్పలేదు! ఆమెని మైకు ముందు నుంచి పక్కకి పిలిచి, 'లెక్క తప్పా' అన్న రెండు మాటలూ పాడకుండా, కోపంగా చెప్పినట్టు చెప్పమన్నాను. చెప్పింది. 'లెక్' దగ్గర గొంతు మూసుకుంది, 'తప్' దగ్గర పెదాలు మూసుకున్నాయి. ఆ మూసుకున్న చోట్ల రెండు చిన్న నిశ్శబ్దాలు. "అమ్మా, అచ్చుని కాదు, ఆ మూతని పట్టుకో. మాత్ర అంతా మూతలో ఉండాలి" అన్నాను. అరగంటలో వచ్చేసింది. స్క్రీన్ మీద వేవ్‌ఫామ్ చూస్తే లె తర్వాత గీత సన్నబడి పడుకుని, మళ్ళీ ఒక్కసారిగా లేస్తుంది. ఒత్తక్షరం మన భాషలో ఉన్న డ్రమ్ము. దాన్ని వాడుకోకుండా ఇన్నాళ్ళు ఎన్ని పాటలు చేశానో అనిపించింది.

ఇక 'తిరిగి చూశా' తర్వాత వచ్చే ఖాళీ. ఏడు మాత్రలు, 1.9 సెకన్లకి కాస్త తక్కువ. అక్కడ కిక్‌తో సహా అన్నీ ఆపేశాను. పల్లవి మొత్తం 15 సెకన్లు ఉంటే అందులో దాదాపు రెండు సెకన్లు ఏమీ లేదు. ఆ రెండు సెకన్లలోనే పాట ప్రాణం ఉంది, అందుకే అక్కడే ఎక్కువ కష్టపడ్డాం. ఫైనల్ టేకులు మంచి కండెన్సర్ మైకు మీద, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో తీశాం. శుభ్రంగా వచ్చాయి. ఖాళీ మాత్రం ఖాళీగానే ఉంది. ఏదో పొరపాటున ఆగినట్టు.

స్క్రాచ్ (కచ్చా రికార్డింగ్) ఫైలు తెరిచి విన్నాను. కొత్త పల్లవి కట్టిన రోజు ట్యూన్ గుర్తుండటానికని ష్యూర్ ఎస్ఎం58 మైకు చేతికిచ్చి, ఫ్యాన్ కూడా ఆపకుండా తీసుకున్నది. అందులో 'తిరిగి చూశా' అన్నాక ఆమె గబుక్కున ఒక ఊపిరి పీల్చింది. పీల్చి, వదల్లేదు. అంతే ఉంది. మామూలుగా మేం ఊపిరి చప్పుళ్ళని కత్తిరించేస్తాం, లేదా బాగా తగ్గిస్తాం. దాన్ని కోసి తెచ్చి ఖాళీలో పెట్టాను. ఫ్యాన్ హోరు తగ్గడానికి 120 హెర్ట్జ్ కింద అంతా తీసేసి, ఊపిరిని ఆరు డెసిబెల్స్ పెంచాను. పాటలో తిరిగి చూసిన అమ్మాయి కనిపించింది. ఎవరూ లేరని చూసి వెనక్కి తిరగబోతూ, ఒకవేళ ఉన్నాడేమో అని ఊపిరి బిగపట్టిన అమ్మాయి.

అలాంటిదే పిచ్ కరెక్షన్ విషయం. 'తప్పా'లో ఆమె స్వరాన్ని కింద నుంచి కొద్దిగా జారుడుగా అందుకుంటుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని నిటారుగా నిలబెట్టింది. నేను గమనించకుండా రెండు ఫైళ్ళు అలాగే ముందుకెళ్ళాయి. పల్లవి వింటుంటే ఎవరో మర్యాదగా తడబడుతున్నట్టు అనిపించి వెనక్కి వెళ్ళి వెతికితే దొరికింది. ఆ నాలుగు చోట్లా కరెక్షన్ తీసేశాను. శ్రుతి పదును కావలసిన చోట పెట్టుకోవాలి, మనిషి జారుతున్నానని చెబుతున్న చోట జారనివ్వాలి.

మొదలు, చివర

24 సెకన్ల ఫ్లూట్‌ని ఎప్పుడో తీసేశాను. పాట 'మెట్లు' అనే మాటతో, వాద్యం లేకుండా, నేరుగా పల్లవితో మొదలవుతుంది. ఈ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. 1963 జులై 1న లండన్‌లో బీటిల్స్ బృందం 'షీ లవ్స్ యూ' రికార్డు చేసినప్పుడు, పాటని కోరస్‌తోనే మొదలుపెట్టమని నిర్మాత జార్జ్ మార్టిన్ చెప్పాడు. సంతోషమైన కబురు మోసుకొచ్చినవాడు గుమ్మంలోంచే అరుస్తాడు కదా, అలా. ఆ పాట చివర ముగ్గురు గొంతులు కలిపి జి కార్డుకి ఆరో స్వరం చేర్చి ముగిస్తారు. పాతకాలపు వాసన వస్తుందని మార్టిన్‌కి నచ్చలేదు, వాళ్ళు పట్టుబట్టి ఉంచారు. మన లెక్కలో చెప్పాలంటే ఇల్లు చేరి, ధైవతాన్ని కూడా వెంట తెచ్చుకోవడం. పూర్తిగా కూర్చోని ముగింపు. మా పాట చివర కూడా జి కార్డు మీద ధైవతం ఉంచాను. అరవై ఏళ్ళ కిందట లివర్‌పూల్ కుర్రాళ్ళకి తట్టిన ఉపాయం కాకినాడ పిల్ల పాటలో చక్కగా ఒదిగింది.

మిక్సింగ్ గురించి ఒకే ముక్క. గట్టిగా వినిపించాలని మాస్టరింగ్‌లో పిండేయవద్దు. స్పాటిఫై మామూలుగా అన్ని పాటల్నీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (పాట ఎంత గట్టిగా వినబడుతుందో చెప్పే కొలత) దగ్గరికి తెస్తుంది. అంతకన్నా గట్టిగా ఇస్తే తగ్గించేస్తుంది. పిండినందుకు మనకి మిగిలేది ఆ రెండు సెకన్ల నిశ్శబ్దం పాడవడమే, ఎందుకంటే చుట్టూ ఎత్తుపల్లాలు లేకపోతే గోతిలో దిగినట్టు తెలియదు.

ఇంకా కుదరనివి

రెండో ఇంటర్‌లూడ్ నాకు నచ్చలేదు. అక్కడ సింథ్ వాడాను, డోలక్ పెద్దాయన చేత ఏడులో ఒక ముక్తాయింపు వాయించి ఉండాల్సింది. ఆయన చేయి ఖాళీగా ఉన్న రోజున నేను వేరే రికార్డింగ్‌లో ఉన్నాను. మళ్ళీ చేస్తే ముందు అది మారుస్తాను. 'నువ్వె అనుకుని' అన్న చోట ఏత్వాన్ని కురచ చేయడం కూడా నాకు కొంచెం ముల్లులా ఉంది. మాట్లాడేటప్పుడు నువ్వే అంటాం. మాత్ర కోసం తగ్గించాం. ఇంకో మాట కోసం చాలా వెతికాం, దొరకలేదు.

స్టేజీ మీద పాడాల్సి వచ్చినప్పుడు ఇంకో చిక్కు. ఊపిరి స్క్రాచ్ టేక్‌లోది. ట్రాక్‌లో ప్లే చేస్తే నకిలీగా ఉంటుందని ఆమె ఒప్పుకోలేదు. రిహార్సల్‌లో తనే పీల్చి చూసింది. ప్రతిసారీ నటించినట్టే వచ్చింది. ఆగే చోట డ్రమ్మర్ కూడా కంగారుపడి ముందే వచ్చేస్తున్నాడు. ఇద్దరం చాలా ఆలోచించాం. అప్పుడు ఆమెకి ఆ స్క్రాచ్ తీసిన రోజు గుర్తొచ్చింది. పాడుతున్నప్పుడు నా గది తలుపు తన వీపు వెనక ఉంది. 'తిరిగి చూశా' అంటూ అలవాటుగా తల తిప్పి చూసింది. మెడ తిరగడంతో ఊపిరి దానంతటదే లోపలికి లాగుకుంది.

ఆ వారం ఒక కాలేజీ కార్యక్రమంలో పాడింది. పక్కన కీబోర్డు మీద నేనున్నాను. 'తిరిగి చూశా' అని, మైకు పెదాల దగ్గరే ఉంచుకుని, ఎడమ భుజం మీదుగా నిజంగానే వెనక్కి తిరిగి చూసింది. కిక్ ఆగింది. స్పీకర్లలో ఆ ఊపిరి వినబడింది. ముందు వరసల్లో కూర్చున్న పిల్లలు కొంతమంది, ఏముందో చూద్దామని, వాళ్ళూ వెనక్కి తిరిగారు.